పుట్టి – పుట్టుక

పుట్టి అంటే ఏందో నదికి దూరంగా బతికే మిత్రులకు ముందు చెప్పాలె. వెదురు బద్దలతో అల్లిన పెద్ద గుండ్రటి గంప అది. గంపకు బయట తోలు తొడుగు. ఇప్పుడు తోలు పోయి తాడిపత్రి, తారు వచ్చినయి. ఇంకా కొత్తగా ఫైబరు పుట్టీలు కూడా వచ్చినయి. దానికి ముందు కొన లేదు, వెనక కొన లేదు, చుక్కాని లేదు. ఒక మనిషి తెడ్డు పట్టుకొని కూచుంటే నలుగురైదుగురు కృష్ణ దాటుతరు. దాటినంక ఆ ఒక్క మనిషే చిన్న పుట్టినైతే బోర్లించి నెత్తిన పెట్టుకొని పోతడు. కృష్ణా తుంగభద్రల మధ్య ఉన్న మా నడిగడ్డలో బ్రిడ్జీలు రాకముందు పెండ్లిపిల్ల, పురుటికి పుట్టింటికి పోయే ఆడబిడ్డ, సంతకు పోయే మేక, ఆస్పత్రికి పోయే ముసలాయన – అందరూ పుట్టిలోనే దాటిండ్రు.

నేను రాస్తున్నది పుట్టి గురించే. కానీ అడగదలచుకున్నది ఇంకో ప్రశ్న. తరతరాలుగా ఒక కులం మీద రుద్దిన పనిలో ఆ కులం సంపాదించుకున్న తెలివి ఉంటది గదా. ఆ తెలివిని మనం మాది అని చెప్పుకోవాలా? పనితో పాటు దాన్నీ విసిరికొట్టాలా? చెప్పుకుంటే సంకెలకు పసుపు కుంకుమ పెట్టినట్టు అయితదా? విసిరికొడితే మన తాతల బుర్రను మనమే పెంటకుప్పలో పారేసినట్టు అయితదా? సభల్లో ఈ రెండు మాటలూ విన్నాను. రెండింటికీ చప్పట్లు పడతయి. చప్పట్లు అయిపోయినంక ఇంటికి వస్తే ప్రశ్న అట్లనే ఉంటది.

మా ఊరు కృష్ణ ఒడ్డున ఉంది. మాదిగ గేరి ఊరికి దిగువన, నది దిక్కు. పుట్టి గంపను మేదరోల్లు అల్లేది. తోలు మా తాత కుట్టేది. నడిపేది బెస్తోల్లు. ఎక్కేది ఊరంతా. తాత కుట్టిన ఆఖరి తోలు పుట్టి మా నాయిన బడీడు పిల్లగాడుగా ఉన్నప్పటిది. నేను పుట్టేనాటికి తాత దగ్గర మిగిలింది ఒక ఆరె, ఒక రంపె, ఇంటెనక ఎండిపోయిన లంద గుంత. ఆ సంగతులన్నీ ఆయన నోటి నుంచి విన్నవే.

తోలు ఊరికే వంగదు. చచ్చిన గొడ్డును ఊరి బయటికి మోసుకపోవాలె, కోయాలె. తోలును సున్నపు నీళ్లల్ల నానేసి వెంట్రుక గీకాలె. తంగేడు చెక్క దంచి లందల పోసి వారాల కొద్దీ ఊరబెట్టాలె, మధ్యమధ్య తిప్పి పెట్టాలె. ఆ వాసన చేతిని వదలదు. అన్నం ముద్దల గూడ ఉంటది. పెండ్లయిన కొత్తల తాత పక్కన కూచొని అన్నం తినలేక ఏడ్చినానని మా అవ్వ చెప్పేది. ఆమె పుట్టింటోళ్లూ మాదిగలే. కానీ వాళ్లు లంద పని ఎప్పుడో మానిండ్రు.

పుట్టికి ఎనుము తోలు కావాలె. పెద్ద పుట్టికి ఒక్క తోలు చాలదు. తోలు అంచు మీద తోలు అంచు ఎక్కించి, మడిచి, వారుతో కుట్టాలె. కుట్టు పడ్డ ప్రతి బొక్కా నీళ్లకు దారే. అందుకని బొక్క ఎంత సన్నగ ఉండాలె, వారు ఎంత బిగువుగ లాగాలె, తడిసి వారు ఉబ్బితే బొక్క ఎట్ల మూసుకుంటది – ఇవి తాత లెక్కలు. కాయితం మీద లేవు, వేళ్ల మీద ఉన్నయి. నది దాటి వచ్చినంక పుట్టిని బోర్లించి ఆరబెట్టాలె, లేకుంటే తోలు కుళ్లుతది. ఇంత చేస్తే వచ్చేది కల్లం కాడ మేర గింజలు.

మోట సంగతీ అంతే. కరెంటు మోటార్లు రాకముందు బావి నీళ్లు తోలు బొక్కెనలో, తోలు తొండంలో పైకి వచ్చేవి. ఆ బొక్కెన కుట్టింది మాదిగ. ఆ బావి నీళ్లు ముట్టుకోరానిది కూడా మాదిగే. మాదిగ కుట్టిన తోలు బావిలోకి దిగొచ్చు, మాదిగ చెంబు దిగరాదు. తోలు పుట్టిలో కూచొని దొర నది దాటొచ్చు, కాళ్ల కింద తోలు తడిగా తాకొచ్చు. ఒడ్డు చేరినంక ఆ తోలు కుట్టిన మనిషి నీడ తాకితే మాత్రం తానం చేయాలె. తాత తాను కుట్టిన పుట్టిలో ఆఖరి తడవకే ఎక్కేటోడు. "మైల తోలుకుంటే పుట్టి ఎక్కేటోడు ఎవడురా? మైల మనకే ఉండె" అని నవ్వేటోడు. నవ్వు వినడానికి బాగుంటది. దాని ఎనక ఎంత ఆలోచన ఉందో నాకు చదువు వచ్చినంకనే తెలిసింది. అంటు వస్తువులో లేదు, పనిలో కూడా లేదు. ఎవడు చేస్తున్నడన్న దాంట్లోనే ఉందని ఆయన తేల్చి చెప్పిండు.

మా నాయిన జీతం ఉన్నడు, తర్వాత కూలికి పోయిండు. నేను సెలవుల్లో సీడు పత్తి చేన్లల్ల క్రాసింగు పని చేసుకుంటా, ఎస్సీ హాస్టల్లో ఉండి చదివిన. మా ఇంట్ల డిగ్రీ నాతోనే మొదలు. 2017 నోటిఫికేషన్‌తో జరిగిన పరీక్ష రాసి, 2019లో ప్రభుత్వ బడిలో చేరిన. భౌతికశాస్త్రం చెపుతాను. తేలియాడే వస్తువుల పాఠం చెప్పేటప్పుడు ఆర్కిమిడీస్ తొట్టిలో దిగిన కథ చెప్పాలె. నాకు మాత్రం తాత పుట్టి కండ్ల ముందు తిరుగుతది.

పుట్టిని చదువుకున్న కండ్లతో మళ్లీ చూడండి. దాన్ని ఒక లెక్కకు జవాబు అనుకోండి. లెక్క ఇది: నదిలో అడుగడుగునా బండలు. ఎండకాలం మోకాలి లోతు, వానకాలం సుడులు. చేతిలో ఉన్నది వెదురు, తోలు. కలప కొనే డబ్బు లేదు, మేకు కూడా లేదు. చేసిన దాన్ని ఒక్క మనిషి మోసుకపోవాలె. అంటే తక్కువ బరువుతో, తక్కువ సామానుతో, ఎక్కువ మందిని మోసే నావ కావాలె.

గుండ్రంగా ఎందుకు చేసిండ్రు? 6 మీటర్ల అంచుతో చతురస్రం చేస్తే లోపల వచ్చే వైశాల్యం 2.25 చదరపు మీటర్లు. అదే 6 మీటర్ల అంచును గుండ్రంగా వంచితే సుమారు 2.86 వస్తది. అదే వెదురు, అదే పని, కానీ చోటు పావు వంతుకు పైగా ఎక్కువ. వెదురును మూల తిప్పితే విరుగుతది, గుండ్రంగా వంచితే బిగుస్తది. అడుగు వెడల్పు ఎందుకు? వెడల్పు ఎక్కువైతే కొద్దిగా మునిగితేనే చాలినంత నీరు పక్కకు జరుగుతది, అడుగు బండలకు తగలదు. తగిలినా అల్లిక వంగి మళ్లీ లేస్తది, చెక్క నావ లెక్క పగలదు. బలం బద్ద లావులో లేదు, అల్లికలో ఉంది. ఒక బద్ద మీద పడ్డ బరువును పక్క బద్దలు పంచుకుంటయి. ఇన్ని లాభాలకు ఒక్క నష్టం ఉంది: అది తిన్నగా పోదు, గిరగిరా తిరుగుతది. దానికి జవాబు తెడ్డు వేసే తీరులో ఉంది. తెడ్డును పక్కన కాకుండా ముందు వేసి, నీళ్లను తన దిక్కు గుంజుకోవాలె.

కూచునే తీరు కూడా లెక్కే. 2009 అక్టోబరు వరదలో అలంపురం మునిగింది, కర్నూలు మునిగింది. మా గేరిలోకి కూడా నీళ్లు వచ్చినయి. మా దగ్గర జనాన్ని దాటించింది పుట్టీలే. ఎవరు ఎక్కడ కూచోవాలెనో పుట్టి నడిపేటాయన చెప్పిండు – బరువు చూసి, కులం చూసి కాదు. పెద్ద ఇంటి బరువాటి మనిషికి ఎదురుగా మా అవ్వను, మా చిన్నాయనను కూచోబెట్టిండు. మోకాలు మోకాలు తగిలినయి. ఒక్కరూ నోరెత్తలే. ఒడ్డున బడిలో అన్నం పెట్టిన చోట మాత్రం మళ్లీ రెండు వరుసలు అయినయి. ప్రాణం మీదికి వచ్చినప్పుడు మరిచిపోగలిగిన దాన్ని పప్పు గరిటె చూడంగనే గుర్తు తెచ్చుకున్నరంటే, వాళ్లు దాన్ని నిజంగా నమ్ముతున్నరనాలా, నమ్మినట్టు ఉండటంలో లాభం ఉందనాలా?

ఇంకొక సంగతి. ఈ గుండ్రటి నావ మా నదికే సొంతం కాదు. 1520 ప్రాంతంలో విజయనగరం వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ తుంగభద్ర మీద గంపల్లాంటి తోలు నావలు చూసి రాసిండు. పదిహేను ఇరవై మందిని మోస్తయని, అవసరమైతే గుర్రాలనూ ఎద్దులనూ దాటిస్తయని, గుండ్రంగా తిరుగుతనే పోతయని రాసిండు. రాజు పేరు రాసిండు, మంత్రి సంగతి రాసిండు. నావ చేసినోళ్లెవరో రాయలే. అంతకు దాదాపు రెండువేల ఏండ్ల ముందే గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ బాబిలోను నది మీద గుండ్రటి తోలు నావలను వర్ణించిండు. ఎగువ దేశం నుంచి సరుకుతో పాటు ఒక గాడిదను కూడా ఎక్కించుకొని వచ్చేటోళ్లట. సరుకు అమ్మి, కర్ర చట్రాన్ని కూడా అక్కడే అమ్మి, తోలును గాడిద మీద వేసుకొని నడిచి పోయేటోళ్లట. ఇరాక్‌లో మొన్నమొన్నటి దాకా తారు పూసిన గుండ్రటి గుఫ్ఫాలు తిరిగినయి. బ్రిటన్‌లోని వేల్స్ పల్లెల్లో కోరకిల్ అనే చిన్న నావను మనిషి వీపున మోసుకపోయి చేపలు పట్టేటోడు. అదీ ఒకప్పుడు తోలే, తర్వాత తారు పూసిన గుడ్డ.

వీళ్లలో ఒకరి నెత్తురు ఒకరికి లేదు. నది ఉంది, వంగే కర్ర ఉంది, తోలు ఉంది, ఆలోచించే మనిషి ఉన్నడు. అదే జవాబు వచ్చింది. వేల్స్‌లో తోలుకు వాసన ఉండే ఉంటది. తోలు కుట్టినోని పిల్లలూ ఆ పిల్లల పిల్లలూ ఊరి బయటనే ఉండాలన్న శాసనం మాత్రం లేదు. వాసన తోలుది. శాసనం మన దేశానిది.

ఇవన్నీ నాకు పుస్తకంలో కూచొని రాలే. బడిలో వచ్చిన ఒక తగాదాతో వచ్చినయి.

సైన్సు ప్రదర్శనకు ఏం చేద్దామంటే తొమ్మిదో తరగతి పిల్లలు పుట్టి చేద్దామన్నరు. ఇద్దరు పిల్లలు పట్టే చిన్న పుట్టి, ఒక్క పిల్లగాడు ఎత్తగలిగినంత తేలికగా ఉండాలె. నాకు సంతోషమైంది. స్టాఫ్ రూములో చెపితే మా తోటి ఉపాధ్యాయుడు ఒకాయన, మంచి మనిషే, మంచి మనసుతోనే అన్నడు: "ఇంకేం సార్, మీ మాదిగ పిల్లలు, ఆ మేదరి పిల్లలు ఉన్నరు గదా. వాళ్లతో చేయించండి. వాళ్లకు నేర్పనక్కర లేదు, రక్తంలోనే ఉంటది. వివరించి చెప్పడానికి బాగా మాట్లాడే ఇద్దరిని పెడదాం." బాగా మాట్లాడే ఇద్దరి పేర్లు ఆయనే చెప్పిండు. అవి ఏ వీధి పేర్లో మీకు చెప్పనక్కర లేదు.

ఆ మాట తిట్టు కాదు, పొగడ్త. అందుకనే నాకు రాత్రంతా నిద్ర పట్టలే. తిట్టుకు జవాబు మనకు తెలుసు. పొగడ్తకు జవాబు ఏంది?

రక్తంలోనే ఉంటదంటే అర్థం ఏందో ఆలోచించండి. నేర్చుకోలేదని అర్థం. ఆలోచించలేదని అర్థం. సాలెపురుగు గూడు అల్లినట్టు, పిచ్చుక గూడు కట్టినట్టు మా తాత పుట్టి కుట్టిండని అర్థం. తాత తన మేనమామ కింద ఏండ్లకు ఏండ్లు తన్నులు తింటా నేర్చుకున్నడు. మొదటిసారి కుట్టిన తోలు నడి నదిలో కారితే ఆ సంవత్సరం మేర గింజల్లో కోత పడ్డది. రక్తంలో ఉన్న విద్యైతే ఆ తోలు ఎందుకు కారింది? మా నాయిన ఆరె పట్టుకోలే, నాకు దబ్బనంలో దారం ఎక్కియ్యడం కూడా సరిగ్గ రాదు. మూడో తరానికి రక్తం ఇంకిపోయిందా?

అసలు ప్రమాదం ఇంకా లోపల ఉంది. రక్తంలో విద్య ఉంటదని ఒప్పుకుంటే, రక్తంలో మైల ఉంటదని కూడా ఒప్పుకోవాల్సి వస్తది. పుట్టుకతో పనితనం వస్తే పుట్టుకతో నీచమూ వస్తది, పుట్టుకతో పాండిత్యమూ వస్తది. పొగడ్తా తిట్టూ ఒకే బావిలోంచి తోడిన నీళ్లు. మనవాళ్లు కొందరు సభల్లో "చర్మకళ మా రక్తంలో ఉంది" అని గర్వంగా అంటుంటే నాకు భయమయ్యేది ఇందుకే. ఎదుటోని బావిలోంచే నీళ్లు తోడుకొని మన కుండ నిండిందనుకుంటున్నం.

మరునాడు తరగతిలో చీట్లు వేసినం. బద్దలు చీల్చేది, అల్లేది, కుట్టేది, లెక్క కట్టేది, మాట్లాడేది – అందరూ అన్నీ చేయాలె, ఎవరి వంతు ఎప్పుడో చీటీ చెపుతది. మేదరి పిల్లగాని తాతను పిలిచి కుర్చీ వేసి కూచోబెట్టినం. ఆయన రెండు రోజులు వచ్చిండు. బద్దను మోకాలి మీద వంచి చూసి, పచ్చిదా ఎండిందా, ఏ మందం తీయాలె, గణుపు ఎక్కడ పడాలె అన్నీ చెప్పిండు. నేల మీద బద్దలు పరిచి, మధ్యన రాళ్లు పెట్టి, కొనలు పైకి లేపి అంచు బిగించడం నేర్పిండు. పిల్లల వేళ్లు కోసుకపోయినయి. ఏ కులం వేలైనా బద్దకు ఒకటే లెక్క.

మా పుట్టి అడుగు వెడల్పు ఒకటిన్నర మీటరు, లోతు 45 సెంటీమీటర్లు. తేలిక కావాలని తారు అంతటా పూయలే, కుట్ల మీద మాత్రమే పూసినం. రేషన్ షాపు కాంటా మీద తూకం వేస్తే 19 కిలోలు వచ్చింది. అడుగు వైశాల్యం సుమారు 1.77 చదరపు మీటర్లు. అంటే ఒక సెంటీమీటరు మునిగితే పదిహేడున్నర లీటర్లకు పైగా నీరు జరుగుతది, అన్ని కిలోల బరువును మోస్తది. ఇద్దరు పిల్లలు 79 కిలోలు, పుట్టితో కలిపి 98. అయిదున్నర సెంటీమీటర్లు మునగాలని తేలింది. ఈ లెక్క బోర్డు మీద కట్టింది మా గేరి లాంటి గేరి నుంచే వచ్చే ఒక ఆడపిల్ల. అడుగు అంచుల దగ్గర వంపు తిరిగి ఉంటది కాబట్టి ఇంకొంచెం ఎక్కువే మునుగుతదని కూడా ఆమే అన్నది. చెరువులో మోకాలి లోతు నీళ్లల్ల దింపి స్కేలు పెడితే ఏడు వచ్చింది.

ఆ పిల్లకు కుట్టే వంతు చీటీ వచ్చినప్పుడు దబ్బనం ముట్టలే. "నేను కుట్టను సార్" అన్నది. ఎందుకమ్మా అంటే తల వంచుకొని, "మా నాయిన చెప్పుల పని మానిపించి మమ్మల్ని బడికి తోలిండు. కుట్టు పని నా చేతిల చూస్తే ఏడుస్తడు. లెక్క ఎంతైనా కడత" అన్నది. తరగతి నా దిక్కు చూసింది. అందరూ అన్నీ చేయాలని నియమం పెట్టింది నేనే. ఆ నియమం దేనికి పెట్టినమో ఆలోచిస్తే జవాబు దొరికింది. కుట్టు ఎవరి నొసటా రాసి లేదని చెప్పడానికే పెట్టినం. తన నొసట రాసింది ఇప్పుడిప్పుడే తుడుచుకుంటున్న పిల్లతో దాన్నే బలవంతంగా చేయిస్తే అది సమానత్వం ఎట్లయితది? లంద వాసనకు ఏడ్చిన మా అవ్వ గుర్తొచ్చింది. అవ్వకు వద్దనే హక్కు లేకపోయె. ఈ పిల్లకు ఉండాలె. "సరే బిడ్డా" అన్న.

ఆ కుట్టు ఒక రెడ్డి పిల్లగాని వంతుకు పోయింది. వాడు ఇష్టంగా కుట్టిండు. తాడిపత్రి మడత మీద మడత వేసి, దబ్బనంతో సన్నగ, దగ్గరదగ్గరగా కుట్టిండు. చెయ్యి బాగా కుదిరింది. నెత్తురు సిద్ధాంతం చెప్పేటోళ్లు వచ్చి ఆ కుట్టు చూడాలె. మూడో రోజు వాళ్ల నాయిన బడికి వచ్చిండు. "మా పిల్లగాన్ని మాదిగ పని నేర్వడానికి పంపిన్నా?" అన్నడు. ఇది మాదిగ పని కాదు, సైన్సు పని అని చెప్పి తప్పించుకోవచ్చు. తోటి ఉపాధ్యాయులు నాకు కండ్లతో అదే సైగ చేసిండ్రు. నేను అట్ల అనలే. "అవును, మాదిగ పనే. మీ బావి మోట కుట్టిన పని. మీ తాతను నది దాటించిన పని. మీ పిల్లగాడు బాగా నేర్చుకున్నడు" అన్న. పై ఆఫీసుకు ఫిర్యాదు పోయింది, నన్ను సంజాయిషీ అడిగిండ్రు, రాసిచ్చిన. పిల్లగాడు ప్రదర్శనకు రాలే, వాళ్లు రానియ్యలే. వాడు కుట్టిన సగం కుట్టు మాత్రం ప్రదర్శనకు వచ్చింది, ఒక్క చుక్క కారలే. బహుమతి బజారులో కొన్న మోటారు బొమ్మకు పోయింది. పుట్టిలో కొత్తదనం ఏముందని జడ్జీ ఒకాయన అడిగిండు. లెక్క కట్టిన పిల్ల ఆయనకు మునిగే లోతు లెక్క మొదటి నుంచి చివరిదాకా చెప్పింది. ఆయన విన్నడు. అది చాలు.

ఇక ఆ పెద్ద ప్రశ్న. ఇది మా బడి ప్రశ్న మాత్రమే కాదు. 1927లో మహద్ చెరువు నీళ్లు ముట్టుకోవడానికి జనాన్ని నడిపించిన బాబాసాహెబ్, ఆ సభలోనే చచ్చిన గొడ్డు మాంసం మానుకొమ్మని, నీచమని ఊరు మన మీద వేసిన బతుకును విడిచిపెట్టమని చెప్పిండు. నీళ్ల హక్కూ గొడ్డు పని విడుపూ ఒకే పోరాటంలో రెండు చేతులని ఆయనకు తెలుసు. 1936 నాటి 'కులనిర్మూలన'లో కులం పనిని పంచడంతో ఆగదని, పనిచేసే మనుషులనే మెట్లుమెట్లుగా విడగొడుతదని వాదించిండు. దానికి గాంధీ ఇచ్చిన జవాబు తాతల వృత్తితోనే బువ్వ సంపాదించుకోవాలన్న ధర్మాన్ని వెనకేసుకొచ్చింది. 1953లో మద్రాసు రాష్ట్రంలో రాజాజీ ప్రభుత్వం పల్లె బడుల్లో పిల్లలకు సగం పూట చదువు, మిగతా పూట ఇంటి వృత్తి అన్నది. కులవిద్య అని జనం తిరగబడితే 1954లో దాన్ని ఎత్తేసిండ్రు. 2023లో కేంద్రం 18 చేతివృత్తులకు విశ్వకర్మ పథకం తెచ్చింది. అందులో పడవలు చేసేటోళ్లున్నరు, చెప్పులు కుట్టేటోళ్లున్నరు, గంపలు అల్లేటోళ్లున్నరు. మా పుట్టి మొత్తం ఆ జాబితాలో ఉంది. పనిముట్లకు, అప్పుకు సాయం అందితే మంచిదే. కానీ తండ్రి పని కొడుకుకే అన్న వాసన అందులో ఉందని తమిళనాడు ప్రభుత్వం 2024లో ఆ రూపంలో అమలు చేయమన్నది. ఎవరి మాట ఒప్పో మీరు తేల్చుకోండి. నేను అడిగేది ఒక్కటే: పని నేర్పే పథకం ఎవరి పిల్లల కోసం తెరిచి ఉంది? రెడ్డి పిల్లగాడు కుట్టు నేర్వడానికి తెరిచి ఉందా? మాదిగ పిల్ల వద్దని లేచిపోవడానికి తెరిచి ఉందా?

2016 జులైలో గుజరాత్ ఉనాలో చచ్చిన ఆవు తోలు తీస్తున్న దళిత యువకులను కట్టేసి కొట్టిండ్రు. ఊరు వాళ్లకు అప్పజెప్పిన పని చేస్తున్నందుకే కొట్టిండ్రు. ఆ తర్వాత అక్కడి దళితులు గొడ్ల కళేబరాలను ప్రభుత్వ ఆఫీసు ముందర వేసి, ఇక మేం ఎత్తం అన్నరు. ఆ ఒక్క మాటతో ఊర్లకు ఊర్లు ముక్కు మూసుకున్నయి. ఎవరూ చేయని పని ఎవరి మీద నిలబడి ఉండెనో అప్పుడు కనబడ్డది. మానేయడం కూడా ఒక విద్యే. చేతిలో పని ఉన్నోడే పని ఆపగలుగుతడు.

ఇటు 1994లో ప్రకాశం జిల్లా ఈదుముడిలో దండోరా మోగింది. పేరు చివర మాదిగ అని పెట్టుకొని జనం తలెత్తి నిలబడ్డరు. తిట్టుగా వాడిన మాటను పేరుగా మార్చుకున్నరు. మా నాయినకు అప్పటిదాకా లేని ధైర్యం ఆ డప్పుతో వచ్చింది. పేరును అట్ల తిరగేసి పట్టుకున్నం. పనిని తిరగేసి పట్టుకోవడం అంత సులువు కాదు. పేరుకు వాసన ఉండదు, లందకు ఉంటది.

అందుకే నేను నాకోసం ఇట్ల తేల్చుకున్న. తాతల తెలివి మనదే, పూర్తిగా మనదే. అది ఆలోచనతో, లెక్కతో, దెబ్బలు తిని సంపాదించిన విద్య. దాన్ని రాయాలె, కొలవాలె, గీయాలె, పాఠంలో పెట్టాలె. ఆర్కిమిడీస్ పక్కన పేరు లేని మేదరినీ, పేరు లేని మాదిగనూ కూచోబెట్టాలె. తాతల పని మాత్రం మన పిల్లల మీద అప్పు కాదు. పిల్ల కుట్టనంటే ఆమె తాతను అవమానించినట్టు కాదు. కుట్టకపోవడమే తాత కోరుకున్న బహుమానం కావచ్చు. మూడో మాట ఊరికి. పని అంత గొప్పదని పొగిడేటోళ్లు ముందు తమ పిల్లలకు నేర్పాలె. తమ పిల్లల చేతికి దబ్బనం ఇయ్యని పొగడ్త నాకు వద్దు.

తెలివిని ఉంచుకొని పనిని వదులుకునే హక్కు, వదులుకున్న పనిని మనసైతే మళ్లీ పట్టుకునే హక్కు – ఈ రెండూ కలిసి ఉన్ననాడు అది వృత్తి అయితది. ఒక్కటి లేకున్నా అది కులమే.

విద్యార్థి మిత్రులకు ఒక పని చెపుతున్న. మీ ఇంట్ల ముసలోళ్లు ఇంకా ఉంటే పోయి కూచోండి. ఏం చేసేటోళ్లని అడిగి ఆగొద్దు, ఎట్ల ఆలోచించేటోళ్లని అడగండి. తోలు ఎంత మందం, వారు ఎంత బిగువు, డప్పు ఎంత సెగ మీద కాగాలె, కాటికి కట్టెలు ఎట్ల పేర్చాలె. సిగ్గుపడి వాళ్లు చెప్పకపోవచ్చు, రెండోసారి పోండి. రాసుకోండి, బొమ్మ గీసుకోండి, లెక్క కట్టండి. పేరుతో సహా రాయండి. పేస్ రాయకుండా వదిలిన పేర్లు అవే.